ఖాళీగా ఉంచిన పదో వంతు

1980ల తొలినాళ్లలో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో యూనిక్స్ మీద పనిచేస్తున్నవాళ్లకు ఒక అంకె మింగుడుపడలేదు. కొత్తగా తయారుచేసిన ఫైల్ సిస్టమ్ నుంచి సెకనుకు 175 కిలోబైట్ల దాకా అందేవి. కొన్ని వారాలు ఓ మోస్తరుగా వాడితే చాలు, అది 30 కిలోబైట్లకు పడిపోయేది. డిస్కు అదే, యంత్రం అదే. డిస్కు అంచుదాకా నిండిపోయిందా అంటే అదీ లేదు. మారిందల్లా ఖాళీ బ్లాకుల జాబితాలోని వరస. నిండిన డిస్కు నెమ్మదిస్తుందని సర్వర్లు చూసుకునేవాళ్ల దగ్గర్నుంచి ఫోన్‌లో ఫొటోలు దాచుకునేవాళ్ల దాకా ఇవాళ అందరూ అంటారు. ఆ మాట నిజమే గాని సగం నిజం. డిస్కును మందగింపజేసేది అందులో పేరుకున్న సరుకు బరువు కాదు, కొత్త సరుకును ఎక్కడ పెట్టాలో ఎంచుకునే వీలు పోవడం. ఆ వీలు పోకుండా కొంత జాగాను అట్టిపెట్టి, దానికి బదులుగా వేగం పుచ్చుకునే బేరం ఒకటి 1983లో కుదిరింది. ఆ తర్వాతి నలభై ఏళ్లలో వచ్చిన పద్ధతులు ఒక్కటీ ఆ బేరాన్ని రద్దు చేయలేదు. దాన్ని కిందికో పక్కకో జరిపాయి, పేరు మార్చాయి, కొన్నిసార్లు వాడేవాడి కంటికి కనపడకుండా దాచాయి. నిండిన డిస్కు ఎందుకు మొరాయిస్తోందో పట్టుకోవాలంటే ముందు ఆ జాగా ఏ అంతస్తులో ఉందో చూసుకోవాలి.

బెల్ ల్యాబ్స్ నుంచి వచ్చిన తొలి యూనిక్స్ ఫైల్ సిస్టమ్ చాలా సరళమైనది. డిస్కు మొదట్లో ఫైళ్ల వివరాలుండే ఐనోడ్లు, వాటి వెనకాల డేటా బ్లాకులు. 150 మెగాబైట్ల ఫైల్ సిస్టమ్‌లో మొదటి 4 మెగాబైట్లు ఐనోడ్లకు పోతే మిగిలిన 146 డేటాకు. అంటే ఏ ఫైలు తెరవాలన్నా డిస్కు హెడ్ ముందు ఒక కొసకు వెళ్లి, అక్కడ్నుంచి మరోచోటికి దూకాలి. ఖాళీ బ్లాకులన్నీ ఒకదానికొకటి గొలుసుకట్టుగా జాబితాలో ఉండేవి. కొత్త బ్లాకు కావాలంటే జాబితా తలలో ఏదుంటే అది. ఫైలు చెరిపితే దాని బ్లాకులు మళ్లీ ఆ తలకే చేరతాయి. డిస్కు కొత్తదైనప్పుడు జాబితా వరసగానే ఉంటుంది. ఫైళ్లు పుడుతూ పోతూ ఉంటే పేకముక్కలు కలిపినట్టు అయిపోతుంది. చివరికి ఒకే ఫైలులోని పక్కపక్క బ్లాకులు డిస్కులో ఆ మూలొకటి ఈ మూలొకటి పడతాయి, బ్లాకు బ్లాకుకూ హెడ్ కదలాల్సిందే. బ్లాకు పరిమాణాన్ని 512 బైట్ల నుంచి 1,024కు పెంచితే వేగం రెట్టింపయింది. అయినా డిస్కు ఇవ్వగల వేగంలో 4 శాతమే వాడుకోగలిగారు. అప్పటికి తెలిసిన మందు ఒకటే: మొత్తం టేపు మీదికి దింపి, ఫైల్ సిస్టమ్ కొత్తగా కట్టి, మళ్లీ ఎక్కించడం. కొన్ని వారాలకు మళ్లీ అదే కథ.

మార్షల్ కిర్క్ మెక్‌క్యూసిక్, విలియం జాయ్, శామ్యూల్ లెఫ్లర్, రాబర్ట్ ఫ్యాబ్రీ కలిసి దీనికి కట్టిన మందు 4.2బీఎస్‌డీతో 1983లో బయటికొచ్చింది. దాని మీద వాళ్లు రాసిన వ్యాసం 1984 ఆగస్టులో అచ్చయింది. డిస్కును సిలిండర్ గ్రూపులుగా విడగొట్టి, ప్రతి గ్రూపుకూ దాని ఐనోడ్లూ దాని ఖాళీ బ్లాకుల పటమూ దగ్గరే ఉంచారు. బ్లాకును కనీసం 4,096 బైట్లకు పెంచారు. ఒక ఫైలు బ్లాకుల్ని వీలైనంతవరకు ఒకే గ్రూపులో, తిరిగే డిస్కు హెడ్ కిందికి వచ్చే వరసను బట్టి పేర్చారు. ఇన్ని చేశాక డిస్కు వేగంలో 47 శాతం దాకా అందింది. కానీ ఈ పేర్పంతా ఒక షరతు మీద నిలబడింది: పేర్చడానికి చుట్టుపక్కల ఖాళీ ఉండాలి. అందుకని మామూలు వాడకందార్లకు డిస్కులో 10 శాతం అందకుండా పక్కన పెట్టారు. ఆ రేఖ దాటాక రాయగలిగేది సూపర్‌యూజర్ ఒక్కడే. ఖాళీ సున్నాకు వస్తే వేగం దాదాపు సగానికి పడుతుందని వ్యాసంలో వాళ్లే చెప్పుకున్నారు.

డిస్కులు బంగారంలా ఖరీదైన రోజుల్లో పదో వంతు వదులుకోవడం దుబారా కాదా? ఈ మాట అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు. దానికి జవాబు ఆ వ్యాసంలోని మరో పట్టికలో దొరుకుతుంది. బ్లాకును 4,096 బైట్లు చేస్తే చిన్న ఫైళ్ల వల్ల డిస్కులో 45.6 శాతం వృథా అవుతుందని వాళ్ల సొంత ఫైళ్ల మీద కొలిచారు. ఆ వృథాను భరించలేకే బ్లాకును తునకలు చేసి, ఫైళ్ల తోక ముక్కల్ని ఒకే బ్లాకులో సర్దే ఏర్పాటు చేశారు. అంత పొదుపరులు. అరబ్లాకు, పావుబ్లాకు లెక్కచూసి వెనక్కి తెచ్చుకున్నవాళ్లు ఆ చేత్తోనే పదో వంతును మూటగట్టి పక్కన పెట్టారంటే, అది వాళ్ల లెక్కలో వృథా కాదన్నమాట. డిస్కు చేసే పనిలో దానికీ ఒక భాగముంది.

ఆ భాగమేమిటో చూపే వివరం ఒకటి నాకు ఈ కథ మొత్తంలో ముఖ్యంగా తోస్తుంది. ఒక సిలిండర్ గ్రూపు నిండిపోతే తర్వాత ఏ గ్రూపుకు పోవాలి? దీనికి వాళ్లు హ్యాష్ టేబుల్ కిటుకును వాడారు. గ్రూపు సంఖ్యను వర్గపద్ధతిలో దూకిస్తూ ఖాళీ వెతుకుతారు, అదీ కుదరకపోతే మొత్తం గాలిస్తారు. నిండుకు దగ్గరపడిన పట్టికలో ఖాళీ గడిని తొందరగా పట్టుకునే పద్ధతి అదని డోనాల్డ్ కనూత్ పుస్తకాన్ని ఆధారంగా చూపారు. 10 శాతం ఖాళీ ఉంచిన ఫైల్ సిస్టమ్‌కు ఈ వెతుకులాట అవసరం అరుదుగానే పడుతుందనీ, ఖాళీ ఉంచకుండా నడిపేచోట బ్లాకు ఎక్కడ దొరికినా ఎటూ చెదురుమదురే కాబట్టి అప్పుడిక కోరుకోగలిగేది వెతకడంలో వేగం మాత్రమేననీ తేల్చారు. అంటే రూపకర్తలు ముందే ఒక గీత గీశారు. గీతకు ఇవతల మంచి చోటు ఎంచుకోవచ్చు, అవతల ఏదో ఒక చోటు దొరికితే చాలు. ఈ గీత నున్నటి వాలు కాదని కనూత్ లెక్కే చెబుతుంది. అన్నిటికంటే సరళమైన వరస వెతుకులాటలో, పట్టిక సగం నిండినప్పుడు కొత్తదాన్ని చేర్చడానికి సగటున రెండున్నర గడులు తడమాలి. 90 శాతం నిండితే 50కి పైన. నిండడం రెట్టింపైనా కాలేదు, శ్రమ ఇరవై రెట్లు. పండగ ముందు రైల్లో ఆరు బెర్తులు మిగిలాయంటే అవి ఆరు బోగీల్లో ఉంటాయి. ఆరుగురి కుటుంబానికి టికెట్లు దొరికినట్టే, కలిసి కూర్చునే చోటు మాత్రం దొరకనట్టే. డిస్కులో మిగిలిన జాగా మొత్తం ఎంతని చెప్పే అంకె టికెట్ల లెక్క మాత్రమే చెబుతుంది.

ఆ అంకె చెప్పే ఆదేశం డీఎఫ్. పది శాతాన్ని లెక్కలోంచి తీసేసి మిగిలిన తొంభైనే అది నూరుగా చూపేది. సూపర్‌యూజర్ ఆ పదిలోకి కూడా రాస్తే నిండినది 111 శాతం, మిగిలింది రుణాత్మకం అని తెరమీద కనపడేది. నూటికి నూటపదకొండు చూసిన కొత్త నిర్వాహకులు లెక్క తప్పిందనుకోవడంలో వింత లేదు. కానీ అసలు నష్టం అక్కడ జరగలేదు. ఆ జాగా ఎందుకుందో క్రమంగా మరిచిపోవడం వల్ల జరిగింది. రూట్, అంటే సూపర్‌యూజర్, మాత్రమే వాడగలదు కాబట్టి అది రూట్ కోసమే ఉంచిన అత్యవసర నిధి అన్న అభిప్రాయం స్థిరపడింది. 1993లో లైనక్స్‌కు ఎక్స్‌ట్2 ఫైల్ సిస్టమ్ వచ్చినప్పుడు ఆ వంతు 5 శాతమైంది. దాని సాధనాల మాన్యువల్‌లో కారణాలు రెండూ పక్కపక్కనే రాసి ఉన్నాయి: ఫైళ్లు ముక్కలు కాకుండా చూడడం, డిస్కు నిండాక కూడా లాగ్ రాసే ప్రోగ్రాములు ఆగకుండా చూడడం. జనం రెండోదాన్ని పట్టుకుని మొదటిదాన్ని వదిలేశారు. డేటా డిస్కుకు లాగ్‌లతో పనేముంది, ఆ 5ను సున్నా చేసేయండి అన్న సలహా అలా పుట్టింది. బీఎస్‌డీ వైపు ఈ వంతును మార్చే సాధనం ట్యూన్‌ఎఫ్‌ఎస్ మాన్యువల్ మాత్రం మొహమాటం లేకుండా హెచ్చరిస్తుంది: దీన్ని సున్నా చేయొచ్చు, అయితే 10 శాతం దగ్గర అందే వేగంలో మూడో వంతుకు పడిపోయే ప్రమాదముంది అని. ఫ్రీబీఎస్‌డీలో ఈ వంతు 8 శాతం కంటే తగ్గించి ఫైల్ సిస్టమ్ కడితే, కాలం ఆదా చేయడం మానేసి జాగా ఆదా చేసే పద్ధతిని అది తనంతట తానే ఎంచుకుంటుంది. నిండిన డిస్కు నెమ్మదించడం చాలాచోట్ల ప్రమాదవశాత్తు జరిగేది కాదు, కోడ్‌లో రాసిపెట్టిన నిర్ణయం.

పర్సనల్ కంప్యూటర్ల లోకం ఇదే పాఠాన్ని తలకిందులుగా నేర్చుకుంది. అక్కడ ముందుచూపు రిజర్వు లేదు, వెనక నుంచి సర్దుబాటే. అలాంటి సర్దుబాటు సాధనం డిస్క్‌కీపర్ ముందు పీసీల కంటే పెద్దవైన వీఏఎక్స్ యంత్రాల కోసం 1986లో అమ్మకానికొచ్చింది. పీసీలకు 1993లో ఎంఎస్-డాస్ 6తో పాటే డీఫ్రాగ్ వచ్చింది. రంగురంగుల గడులు కదులుతుంటే గంటల తరబడి చూస్తూ కూర్చున్న తరం ఒకటుంది. అయితే సర్దేవాడికీ కాలు పెట్టే చోటు కావాలి. విండోస్ ఎక్స్‌పీలోని డీఫ్రాగ్ 15 శాతం ఖాళీ లేకపోతే పని పూర్తిగా చేయలేనని ముందే చెప్పేది. ముందు ఇవ్వని పదో వంతును వెనక నుంచి అంతకంటే ఎక్కువే అడిగిందన్నమాట.

అసలు వెతుకులాటే లేకుండా చేస్తే? బర్క్‌లీలోనే మెండెల్ రోజెన్‌బ్లమ్, జాన్ ఔస్టర్‌హౌట్ 1991లో ముందుకు తెచ్చిన లాగ్ ఫైల్ సిస్టమ్ ఆ ప్రయత్నమే. కొత్త డేటా అంతా ఒక వరసలో చివర చేరుస్తూ పోవడమే, పాతదాని చోటు మీద రాయడం ఉండదు. అప్పుడు హెడ్ దూకుళ్లు పోతాయి. కానీ డిస్కుకు చివరంటూ ఉంది. పాత భాగాల్లో చచ్చిన డేటాను వదిలి బతికున్నదాన్ని ఏరి మరోచోటికి మోసి, ఆ భాగాన్ని ఖాళీ చేసే పారిశుధ్య పని తప్పదు. దీని ఖరీదును వాళ్లు ఒక చిన్న సూత్రంలో పెట్టారు. శుభ్రం చేసే భాగంలో బతికున్న డేటా వంతు యు అయితే, ఒక్కో కొత్త బైటుకు కదలాల్సినవి రెండును ఒకటి మైనస్ యుతో భాగిస్తే వచ్చినన్ని. సగం నిండితే 4, 80 శాతమైతే 10, 90 శాతమైతే 20. మళ్లీ అదే వంపు, మరో దారిలో. శుభ్రం చేసే భాగాల్ని తెలివిగా ఎంచుకుంటే డిస్కు సగటు కంటే తక్కువ నిండినవి దొరుకుతాయనీ, కాబట్టి అసలు ఖర్చు ఇంతకంటే తక్కువనీ వాళ్లు చూపించారు. మార్గో సెల్ట్‌జర్ బృందం దాన్ని బీఎస్‌డీలో కట్టి కొలిచి, డేటాబేస్ లాంటి పనుల్లో ఈ పారిశుధ్య భారం గట్టిగానే పడుతుందని వాదించింది. 1990ల మధ్యలో రెండు పక్షాల మధ్యా సాగిన వాదోపవాదాల్లో ఎవరి కొలత సరైనదన్న తగువు ఉంది గాని, ఖాళీ తగ్గితే ఖర్చు పెరుగుతుందన్నది ఎవరూ కాదనలేదు.

ఈ కథంతా తిరిగే డిస్కులదీ కదిలే హెడ్‌లదీ, ఎస్‌ఎస్‌డీలో కదిలేదేమీ లేదు కదా అన్నది ఇవాళ వినిపించే గట్టి అభ్యంతరం. హెడ్ వరకు ఆ మాట ఒప్పుకోవాల్సిందే. ముక్కలైన ఫైలును చదవడం ఎస్‌ఎస్‌డీకి అంత కష్టం కాదు. రాయడం వేరే సంగతి. ఫ్లాష్ చిప్పులో రాసినచోటే మళ్లీ రాయడం కుదరదు. పేజీలుగా రాయాలి, వాటికంటే చాలా పెద్దవైన బ్లాకులుగా చెరపాలి. కాబట్టి డ్రైవ్ లోపలి కంట్రోలర్ నడిపేది లాగ్ పద్ధతినే, పారిశుధ్య పనితో సహా. కింది అంతస్తులోకి దిగింది కాబట్టి బేరం కూడా కిందికే దిగింది. చిప్పుల సామర్థ్యం 1,024 లెక్కలో, అమ్మే అంకె 1,000 లెక్కలో. గిగాబైటు దగ్గర ఆ తేడా 7.37 శాతం. చాలా డ్రైవ్‌లలో ఆ మిగులే కొనేవాడికి కనపడని రిజర్వు, సర్వర్ డ్రైవ్‌లలో ఇంకా ఎక్కువ వదులుతారు. పైన ఫైలు చెరిపినా ఆ కబురు కిందికి చేరకపోతే కంట్రోలర్ చచ్చిన డేటాను బతికున్నట్టే మోస్తూ ఉంటుంది. ఆ కబురు చేరవేసే ట్రిమ్ ఆదేశం 2009లో విండోస్ 7తో మామూలు వాడకంలోకి వచ్చింది. ఈ మధ్యకాలపు డ్రైవ్‌లలో మరో మెలిక ఉంది. గడికి మూడు నాలుగు బిట్లు పట్టే చిప్పులోనే కొన్ని ఖాళీ గడుల్ని తాత్కాలికంగా ఒక్క బిట్టుకే వాడి వేగం చూపిస్తారు. డ్రైవ్ నిండేకొద్దీ ఆ ఖాళీ గడులు తగ్గుతాయి, పెద్ద ఫైలు మొదట పరుగెత్తి నడిమధ్యలో చతికిలపడుతుంది. పెట్టె మీద ముద్రించిన వేగం ఖాళీ డ్రైవ్ వేగం అని కొనేవాళ్లు గుర్తుపెట్టుకోవడం మంచిది.

రెండో అభ్యంతరం ఇంకాస్త బరువైనది: శాతం అనే కొలతే పాతబడింది. 150 మెగాబైట్లలో పది శాతం 15 మెగాబైట్లు. 4 టెరాబైట్లలో 5 శాతం 200 గిగాబైట్లు. అంత జాగాలో వరసగా చోటు దొరకదంటే ఎవరు నమ్ముతారు? ఇందులో న్యాయముంది. పెద్ద ఫైళ్లను ఒకసారి రాసి వదిలేసే డిస్కుకు 5 శాతం నిజంగానే ఎక్కువ. కానీ ఏ వ్యవస్థలో ఖర్చు దేన్నిబట్టి పెరుగుతుందో వేరుచేయాలి. పారిశుధ్య ఖర్చు నిష్పత్తిని బట్టి పెరుగుతుంది, డిస్కు ఎంత పెద్దదైనా ఆ సూత్రం మారదు. వెతుకులాట ఖర్చు మాత్రం డిస్కుతో పాటు ఎదుగుతుంది, అంటే పెద్ద డిస్కు మీద అది మరింత అధ్వాన్నం. ఎక్స్‌ట్2 వారసుడైన ఎక్స్‌ట్4 డిస్కును 128 మెగాబైట్ల గ్రూపులుగా చూస్తుంది, ఒక్కోదానికి ఖాళీ బ్లాకుల పటం ఒకటి, అదే బిట్‌మ్యాప్. 4 టెరాబైట్లకు 1,024 లెక్కన 32,768 గ్రూపులు. దాదాపు నిండిన అలాంటి డిస్కును మౌంట్ చేశాక మొదటిసారి పెద్ద ఫైలు రాయబోతే, వరస ఖాళీ కోసం బిట్‌మ్యాప్ తర్వాత బిట్‌మ్యాప్ తెరుస్తూ పోవాలి. ఒక్కోదానికి 10 మిల్లీసెకన్లు పట్టి, అవన్నీ విడివిడిగా ఉన్నాయనుకుంటే అయిదు నిమిషాలకు పైనే. బిట్‌మ్యాప్‌లను గుత్తులుగా ఒకచోట పెట్టడం వల్ల ఆచరణలో ఇది బాగా తగ్గుతుంది. అయినా ఒక్క బైటూ రాయకుండానే డిస్కు లైటు గబగబా కొట్టుకోవడం అప్పుడప్పుడూ కనిపించేది ఇందుకే. గ్రూపుల్ని వాటిలోని ఖాళీ పరిమాణాన్ని బట్టి వరసపెట్టే సవరణ లైనక్స్‌లోకి 2021లో గాని రాలేదు. 1984 వ్యాసంలో నాలుగు మాటల్లో తేల్చిన గాలింపు ముప్పయ్యేడేళ్ల తర్వాత కూడా బాధిస్తూనే ఉందన్నమాట.

పాత డేటాను ముట్టుకోకుండా ప్రతి మార్పునూ కొత్తచోట రాసే ఫైల్ సిస్టమ్‌లకు ఈ బేరం మరీ కఠినం. నెట్‌యాప్ తన వాఫిల్ ఫైల్ సిస్టమ్‌లో చాలాకాలం 10 శాతం పక్కన పెట్టేది. సన్ కంపెనీలో జెఫ్ బాన్‌విక్, మాథ్యూ ఆరెన్స్ మొదలుపెట్టి 2005లో బయటికొచ్చిన జెడ్‌ఎఫ్‌ఎస్‌లో ఇప్పుడు ముప్పైరెండో వంతు దాకా మామూలు రాతలకు అందదు. ఎందుకంటే అక్కడ ఫైలు చెరపడానికి కూడా కొంత కొత్త జాగా రాయాలి. మెటాస్లాబ్ అనే ఒక్కో ముక్కలో ఖాళీ 4 శాతానికి తగ్గితే, దొరికిన మొదటి చోటును పట్టుకోవడం మాని సరిగ్గా సరిపోయే చోటు కోసం వెతకడం మొదలవుతుంది. 80 శాతం దాటనివ్వొద్దన్న వాడుక సలహా మొరటుదే, కానీ ఏ లెక్కా తెలియనివాణ్ని గండం నుంచి కాస్త దూరంగా ఉంచుతుంది.

మూడో అభ్యంతరం భౌతికమైనది. డిస్కు బయటి అంచు నుంచి లోపలికి నిండుతుంది, లోపలి ట్రాకుల్లో చుట్టుకు పట్టే డేటా తక్కువ, కాబట్టి నెమ్మదించడం సహజం కదా? నిజమే, ఆ తేడా సుమారు రెండు రెట్ల దాకా ఉంటుంది. కానీ అది మెల్లగా, క్రమంగా వచ్చే తేడా. వరసగా చదివే పెద్ద ఫైలులో కనపడుతుంది, రెండు రెట్ల దగ్గర ఆగిపోతుంది. 95 శాతం దగ్గర ఉన్నట్టుండి పదో వంతుకు పడిపోయిన వేగాన్ని అది వివరించలేదు. ఈ రెంటినీ వేరుచేయడానికి ఊహ అక్కర్లేదు. ఎక్స్‌ట్4లో ఈ2ఫ్రీఫ్రాగ్ అనే సాధనం మిగిలిన జాగా ఏయే పరిమాణాల తునకలుగా ఉందో పట్టిక వేసి చూపిస్తుంది. జెడ్‌ఎఫ్‌ఎస్ ఆదేశం జెడ్‌పూల్ లిస్ట్‌లో ఫ్రాగ్ అన్న నిలువు వరస చెప్పేది కూడా ఖాళీ జాగా ముక్కలైన తీరే, ఫైళ్లది కాదు. చాలామంది దాన్ని ఫైళ్ల సంగతిగా చదువుతారు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే మరో ఫైల్ సిస్టమ్ అయితే పుట్టుకతోనే ఖాళీని రెండు చెట్లలో రాసుకుంటుంది, ఒకటి ఎక్కడుందని, రెండోది ఎంతుందని. 200 గిగాబైట్లు మిగిలినా అందులో ఎక్కువ భాగం 4, 8 కిలోబైట్ల తునకలేనని పట్టికలో తేలితే, డిస్కు మార్చడానికి బేరాలు మొదలుపెట్టే ముందు కొంత చెరిపి చూడాలి. చెరిపాక కొత్తగా రాసే ఫైలు వేగం కోలుకుంటే తప్పు కేటాయింపుది. కోలుకోకపోతే అప్పుడు డిస్కు ఆరోగ్యాన్ని అనుమానించొచ్చు.

ఇక్కడే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. కొంత చెరిపి, నిన్నటి ఫైలునే మళ్లీ చదివి, ఇంకా నెమ్మదిగానే ఉందే, అంటే కారణం నిండడం కాదన్నమాట అని తీర్మానిస్తారు. ఇరుకులో రాసిన ఫైలు ఇరుకు పోయాక కూడా చెదిరిన చోటుల్లోనే ఉంటుంది. దానిపాటికి అది కుదురుకోదు. బర్క్‌లీ వ్యాసం ఈ సంగతిని అప్పుడే విడదీసి చెప్పింది: ఖాళీని తిరిగి ఆ కనీస మట్టానికి తెస్తే ఫైల్ సిస్టమ్ వేగం వెనక్కొస్తుంది, ఖాళీ లేని రోజుల్లో పుట్టిన ఫైళ్లకు మాత్రం వాటి డేటాను కదిలిస్తేనే వస్తుంది. ఆ ఫైళ్లను మరో పేరుతో కాపీ చేసి పాతవి తీసేస్తే సాధారణంగా సరిపోతుంది. ఫైల్ సిస్టమ్ ఒక క్షణాన ఎలా ఉందో అలాగే పట్టి ఉంచే స్నాప్‌షాట్లున్నచోట అదీ సరిపోదు, ఎందుకంటే స్నాప్‌షాట్ పట్టుకున్నంతకాలం పాత బ్లాకులు ఖాళీ కావు, కాపీ చేసిన ప్రతి ఫైలూ మిగిలిన జాగానే తినేస్తుంది. అక్కడ ముందు పాత స్నాప్‌షాట్లు తీసి, జాగా నిజంగా తిరిగొచ్చిందని చూసుకుని, ఆ తర్వాతే ఫైళ్ల జోలికి పోవాలి.